గడువుకు ముందే ఆగిన ట్రయల్ ఫలితాన్ని రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

ట్రయల్ నడుస్తుండగానే డేటాను పరిశీలించే మధ్యంతర విశ్లేషణను చూసిన పర్యవేక్షణ సంఘం మీ క్లినికల్ ట్రయల్‌ను గడువుకు ముందే ఆపమన్నదనీ, ఇప్పుడు ఫలితాల వ్యాసం నీ చేతికి వచ్చిందనీ రాశావు. చాలా సంతోషం. అయితే ట్రయల్‌ను ఆపడానికి ముందుగా నిర్ణయించిన గణాంక సరిహద్దును దాటడం మందు పనిచేస్తోందనడానికి ఆధారమే గాని, అది ఎంత పనిచేస్తోందో ఆనాటి అంకె ఉన్నదున్నట్టు చెప్పదు.

హెచ్చుతగ్గులకు లోనయ్యే ప్రభావపు అంచనాను మళ్ళీ మళ్ళీ చూస్తూ, అది బాగా పెద్దదిగా కనబడినప్పుడే ఆపినందువల్ల, మందు నిజమైన ప్రభావంతో పాటు ఆ సమయపు అదృష్టం కూడా అందులో కలిసిపోతుంది. నమోదైన మరణాలు తక్కువగా ఉన్న దశలో ఈ కలగలుపు మరీ ఎక్కువ. బ్రిటన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ చేపట్టిన ఏఎమ్ఎల్ 12 అనే ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ట్రయల్‌లో, నాలుగు విడతల కీమోథెరపీకి అయిదోది చేరిస్తే మరణావకాశం 53 శాతం తగ్గుతున్నట్టు, 0.003 పి-విలువతో (అసలు ప్రభావమే లేకపోయినా అంత తేడా కనబడే అవకాశం), ఒక దశలో కనబడింది. అంత పెద్ద ప్రభావం నమ్మదగినదిగా తోచక సంఘం ట్రయల్‌ను కొనసాగించింది. చివరికి తేడా ఏమీ లేదని తేలింది. ఆనాడే ఆపి ఉంటే, ఆ తరువాతి రోగులెందరో ఉపయోగం లేని మరో విడత కీమోథెరపీ బాధను అనుభవించవలసి వచ్చేది.

పి-విలువ సంగతి నీకు తెలిసినదే: ప్రతిసారీ 5 శాతం స్థాయినే వాడుతూ అయిదుసార్లు చూస్తే, లేని ప్రభావాన్ని ఉందనే అవకాశం 14 శాతానికి చేరుతుంది. తొలి విశ్లేషణల్లో ఆపడానికి చాలా గట్టి ఆధారాన్ని కోరే ఓబ్రయన్–ఫ్లెమింగ్ సరిహద్దులు దీనిని అదుపు చేస్తాయి. గుండెపోటు వచ్చిన 3,837 మందిలో ప్రొప్రనొలాల్ అనే మందును పరీక్షించిన అమెరికా ట్రయల్ ఆ పద్ధతినే అనుసరించి, 1981లో, తొమ్మిది నెలలు ముందుగా ఆగింది. తేడా ఎంత బలమైనదో చెప్పే గణాంకం అప్పుడు 2.82 కాగా సరిహద్దు 2.23. కాని సరిహద్దు కాపాడేది నిర్ణయాన్నే. అంచనాను సరిదిద్దే పని నీదే.

అందుచేత మామూలు అంచనా పక్కనే, నిజమైన విలువకు పైన పడే అవకాశమూ కింద పడే అవకాశమూ సమానంగా ఉండే సవరించిన అంచనాను కూడా ఇవ్వు. పి-విలువనూ, విశ్వాస అంతరాన్నీ (నిజమైన విలువ ఉండగల పరిధి) ఎన్నో విశ్లేషణలో ఆగిందన్నదాన్ని లెక్కలోకి తీసుకునే దశలవారీ క్రమం ప్రకారం కట్టు. ఆపే నిర్ణయం తరువాత వచ్చి చేరే మరణాల నివేదికలను, అవి ఫలితాన్ని బలహీనపరిచినా సరే, తప్పక కలుపు. ప్రధాన ఫలితంతో ముడిపడిన ద్వితీయ ఫలితాలకూ ఈ అతిశయం అంటుతుంది; వాటిని సవరించకుండా సారాంశంలో పెట్టవద్దు. ఏ పద్ధతి వాడాలో ప్రణాళికలో ముందే రాసి ఉంటే దానినే పాటించు. లేకపోతే, డేటా చూశాకే ఎంచుకున్నామని వ్యాసంలో స్పష్టంగా రాయి.