ఏసీ గ్యాసు రూల్స్ మీద జనం కోపం దేనికి? తిరుపతి మెకానిక్‌గా నేను చూసింది

"గ్రీన్‌హౌస్ వాయువుల మీద ప్రభుత్వం ఏ రూలు తెచ్చినా జనం తిట్టుకుంటారెందుకు? మనవాళ్లకు వాతావరణం గురించి పట్టదా?" అని అడిగారు. పట్టదని నేననుకోను. తిరుపతిలో 17 ఏళ్లుగా ఏసీలు, ఫ్రిజ్‌లు రిపేరు చేస్తున్నాను. ఈ రూల్స్ చాలా ఇళ్లకు మా గ్యాసు సిలిండరుతోపాటే వస్తాయి, కాబట్టి తిట్లు కూడా ముందు మాకే తగులుతాయి.

స్టార్ లేబుల్ ఉన్న కొత్త ఏసీ ఏదైనా ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి రూలుంది. రిమోట్ నొక్కి 18కి దించుకుంటే ఎవరూ ఆపరు. కానీ టీవీలో సగం విని, 24కి కింద ఏసీ పనిచేయదని చాలామంది నమ్మేశారు. బిగించడానికి పోతే ఒకటే మాట: "ఏంది సామీ, నా ఇంట్లో నేను ఎంత చల్లగా పడుకోవాలో కూడా ఢిల్లీలోనే చెప్తారా?" రిమోట్ చేతిలో పెట్టి, మీరే దించుకోండి అంటే కోపం దిగిపోయేది. వాళ్లలో చాలామంది తర్వాత 24 మీదనే ఉంచుకున్నారు. బలవంతం లేదని తెలిశాక ఇంక పంతం దేనికి?

బస్టాండు దగ్గర లాడ్జీ నడిపే ఒకాయన ఉన్నాడు. ఎండలో వచ్చిన యాత్రికులు 16 పెట్టి, రగ్గు కప్పుకుని పడుకుంటారు, పొద్దున దర్శనానికి పోతూ ఏసీ ఆపను కూడా ఆపరు. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెప్పే లెక్కను ఆయన కరెంటు బిల్లు వెనకే రాసి చూపించాను. ఆ వారమే గదుల్లో చీటీలు అంటించాడు. అదే మనిషి 2025 జూన్‌లో, ఏసీలు 20 నుంచి 28 డిగ్రీల మధ్యనే నడిచేలా నిబంధన తెస్తామని కేంద్ర విద్యుత్ మంత్రి ప్రకటించిన రోజు నాకు ఫోన్ చేశాడు. గొంతులో వణుకు. "ఇప్పుడుండే ఏసీలన్నీ పీకేసి కొత్తవి పెట్టాల్నా అన్నా?" చల్లదనం గురించి ఒక్క మాట లేదు. ఆయన భయమంతా డబ్బు గురించే.

అసలు నొప్పి గ్యాసు దగ్గరుంది. పాత ఏసీల్లో ఉండేది ఆర్-22. ఇది ఓజోన్ పొరను తినేస్తుంది, భూమినీ వేడెక్కిస్తుంది. ఒక కిలో గాల్లోకి వదిలితే, వందేళ్ల లెక్కన 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. ఒక లీటరు పెట్రోలు కాలితే వచ్చేది 2.3 కిలోలు. అంటే కిలో గ్యాసు దాదాపు 790 లీటర్ల పెట్రోలుతో సమానం. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బైకు మీద ఇక్కణ్ణుంచి చిత్తూరుకు 280 సార్లు పోయిరావచ్చు.

ఈ లెక్క తెలియక ముందు నేను ఎంత వదిలానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు వాల్వు తిప్పి ఉన్న గ్యాసంతా గాల్లోకి వదిలేసేవాణ్ణి. పని నేర్పిన అన్న అట్లాగే నేర్పాడు. రంగు కనపడదు, ఎవరికీ ఏమీ కాదనుకున్నాం. 2019లో కేంద్రం తెచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్షమంది మెకానిక్‌లకు శిక్షణ ఇవ్వాలని పెట్టారు. అట్లాంటి ఒక శిక్షణలో కూర్చున్నప్పుడే నాకిదంతా తెలిసింది. పాత గ్యాసును సిలిండరులోకి లాగే రికవరీ మిషను కొన్నాను. నాలాంటివాడికి చిన్న ఖర్చు కాదది. మా లైనులో చాలామంది దగ్గర ఈరోజుకూ అది లేదు.

ఆర్-22తో కొత్త ఏసీలు తయారు చేయడం 2025 జనవరి నుంచి మన దేశంలో ఆగింది. దాని బదులు వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌కు హాని చేయదు, వేడి విషయంలో మాత్రం ఇంకా ఎక్కువ, కిలో వదిలితే 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయే ఆర్-32కి 675. భూమిని వేడెక్కించే ఇట్లాంటి గ్యాసులను తగ్గించాలని దేశాలు చేసుకున్న కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఆర్-410ఏ, ఆర్-32 లాంటి గ్యాసుల వాడకం 2028లో పెరగడం ఆగాలి, 2032 నుంచి తగ్గుతూ 2047కల్లా 85 శాతం తగ్గాలి. మంచి ఒప్పందమే. ఇందులో కొత్త ఏసీ కొనగలిగినవాడికి కష్టమేమీ లేదు. పాత ఆర్-22 ఏసీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాడే ఇరుక్కుంటాడు. ఆర్-22 ధర పెరిగేకొద్దీ తక్కువ రేటుకు కల్తీ సిలిండర్లు దిగుతాయి. లోపల ఏముందో తెలియదు. మంట అంటుకునే గ్యాసు కలిపి ఉంటే మంటతో పైపులు అతికే (బ్రేజింగ్ చేసే) వాడి ప్రాణం మీదికి వస్తుంది. ఇట్లాంటి సిలిండరు ఒకటి నేనే వెనక్కి పంపాను. రూలు పెట్టేవాళ్లు దీన్ని ముందే ఆలోచించాలని నేను గట్టిగా అంటాను.

ఇది మన ఊరి గొడవే కాదు. ఫ్రాన్స్‌లో 2018 నవంబరులో డీజిల్, పెట్రోలు పన్ను పెంపు మీద పసుపు చొక్కాలు వేసుకుని జనం రోడ్డెక్కితే ఆ పెంపును ఆపేశారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2008లో కార్బన్ పన్ను వేసినప్పుడు, వచ్చిన డబ్బును వేరే పన్నులు తగ్గించి జనానికే తిరిగిచ్చారు. ఆ పన్ను చాలా ఏళ్లు నిలబడింది.

మన దగ్గరే చూడండి. 2022 బ్రహ్మోత్సవాలప్పుడు కొండకు ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలైతే, ఘాట్ రోడ్డు ఎక్కుతుందా అని నాలుగు రోజులు అనుమానపడ్డారు, అంతే. ఎవరినీ కొత్తగా ఏదీ కొనమనలేదు, పైగా మలుపుల్లో పొగ వాసన లేదు. 24 డిగ్రీల మీద నాతో వాదించిన ఇంటాయనే ఆ బస్సు గురించి సంతోషంగా చెప్పాడు.

మీ ప్రశ్న చదివినప్పుడు నాకు మా తిరుపతి కోర్లగుంటలో ఒకామె గుర్తొచ్చింది. పక్షవాతంతో మంచంలో ఉన్న భర్త కోసం పాత ఆర్-22 ఏసీ కొనుక్కుంది. రెండు వేసవుల్లో మూడుసార్లు గ్యాసు పట్టించుకుంది, వచ్చినవాళ్లెవరూ లీకు వెతకలేదు. నేను పోయినప్పుడు, "గవర్మెంటోళ్లు గ్యాసు రేటు పెంచేసినారంట కదా నాయనా, మాలాంటోళ్లు చావాల్నా?" అని ఏడ్చింది. సబ్బు నురగ పెట్టి చూస్తే పైపులు కలిపే ఫ్లేర్ నట్టు దగ్గర బుడగ. పైపు చివర కోసి, కొత్తగా వెడల్పు చేసి బిగించాను, లోపలి గాలంతా లాగేసి, ఒకసారి గ్యాసు పట్టాను. మొన్న సర్వీసుకు వెళ్లి ప్రెజర్ చూశాను. చుక్క కూడా తగ్గలేదు.