ఓవర్‌క్లాకింగ్ ప్రాసెసర్ కోసం అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. జీతం 34,000. ఇంట్లో చిన్న గదిలో భక్తి పాటలు, ప్రకటనల వాయిస్‌లు రికార్డ్ చేస్తూ నెలకు దాదాపు 9,000 సంపాదిస్తున్నాను. ట్రాకులు పెరిగితే పాత కంప్యూటర్‌లో చిటపట శబ్దాలు వస్తున్నాయి. ఓవర్‌క్లాక్ చేయగలిగే, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపగలిగే ఇంటెల్ ఐ7 కె ప్రాసెసర్, దానికి సరిపోయే జెడ్ సిరీస్ మదర్‌బోర్డు, లిక్విడ్ కూలర్ కలిపి 1,10,000 అవుతుందన్నారు. చేతిలో 40,000 ఉంది. ఎఫ్‌డీ కదపకుండా మిగతా 70,000 పర్సనల్ లోన్ తీసుకోనా? వడ్డీ 16 శాతం, 24 నెలలు.

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకపోవడం మంచిదే. కానీ ఈ లోన్ కూడా వద్దండి. ఈఎంఐ సుమారు 3,430 పడుతుంది, వడ్డీయే 12,000 దాటుతుంది. రికార్డింగ్ ఆదాయంలో మూడో వంతుకు పైగా దానికే పోతుంది. దసరా, కార్తీకమాసాల ముందు ఉన్నంత పని మీకు ఆషాఢంలో ఉండకపోవచ్చు. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా కట్టాల్సిందే.

అసలు ఆ చిటపటలకు కారణం ప్రాసెసరేనా? ముందు అది తేల్చుకోండి, పైసా ఖర్చు లేదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అని ఉంటుంది, కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసుకుని పని చేసే ధ్వని ముక్క అది. పాడేటప్పుడు దాన్ని 128 శాంపిళ్లకు పెట్టుకుంటే 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్ దగ్గర ఒక్కో బఫర్ ఆలస్యం 2.7 మిల్లీసెకన్లే, గొంతు వెంటనే వినిపిస్తుంది. మిక్సింగ్‌కు ఆ తొందర అక్కర్లేదు, 1024కు పెంచేయండి, ప్రాసెసర్‌పై ఒత్తిడి తగ్గుతుంది. పూర్తయిన ట్రాకులను ఫ్రీజ్ చేయండి, అంటే ఎఫెక్టులతో సహా ఆడియోగా మార్చి ఉంచండి. ప్రాసెసర్ భారాన్ని చూపే సీపీయూ మీటర్ తక్కువగా ఉన్నా శబ్దం వస్తోందంటే తప్పు ఎక్కువసార్లు డ్రైవర్‌దే. వైఫై ఆపి, మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవర్‌తో (ధ్వని ఆలస్యం తగ్గించేది) ఒకసారి చూడండి.

ఇక ఓవర్‌క్లాకింగ్ సంగతి. ఇప్పటి ప్రాసెసర్లు అవసరమైనప్పుడు వాటంతట అవే వేగం పెంచుకుంటాయి, మనం చేత్తో పెంచితే అదనంగా వచ్చేది కొంచెమే. దానికోసం వోల్టేజ్ పెంచితే వేడి అంతకంటే వేగంగా పెరుగుతుంది. మే నెలలో మీ గదిని ఒక్కసారి తలుచుకోండి. రికార్డింగ్ కోసం ఏసీ ఆపేస్తారు, కంప్యూటర్ ఫ్యాన్లు గట్టిగా తిరుగుతాయి, ఆ మోత నేరుగా మైకులోకి వెళ్తుంది. పైగా ఓవర్‌క్లాక్ వల్ల ప్రాసెసర్ పాడైతే ప్రాసెసర్ కంపెనీలైన ఇంటెల్, ఏఎండీ రెండింటి వారంటీ వర్తించదు. గాయకుడు టేక్ మధ్యలో ఉండగా సిస్టమ్ ఆగిపోతే ఆ రోజు డబ్బుతో పాటు మళ్లీ వచ్చే కస్టమర్ కూడా పోతాడు. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

ఈ పరీక్షల తర్వాత కూడా ప్రాసెసర్ చాలడం లేదని తేలితే, 65 వాట్ల ఆరు కోర్ల ఏఎండీ రైజెన్ 5 7600 లాంటిది, బి650 బోర్డుతో అడగండి. దాని బాక్స్‌లోనే కూలర్ వస్తుంది. క్యాబినెట్, డిస్క్, మానిటర్ పాతవే వాడండి. ర్యామ్ ధర ఎక్కువగా ఉంటే 16 జీబీతో మొదలుపెట్టి 40,000 లోపే ఆపండి. కట్టాల్సి వచ్చేదనుకున్న ఈఎంఐలో నెలకు 3,000 ఆర్‌డీ వేస్తే ఏడాదికి 36,000 పోగవుతుంది. ఆ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎమ్5 రకం. 2027 వరకూ, ఆ తర్వాత కూడా ఈ సాకెట్‌కు మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. అప్పటికి పని పెరిగితే ప్రాసెసర్ ఒక్కటి రొక్కం పెట్టి మార్చుకోండి.