ముందు ఆ రెండో మూత తీయించు

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రిప్టు నిన్న రాత్రి ఒకసారి, పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. ఇన్సులిన్ పెన్ను ఎలా వాడాలో రోగులకు చూపించే నాలుగు నిమిషాల యానిమేషన్ అని రాశావు. ఆ పెన్ను మొహం చూడ్డానికి మూడో పేజీ దాకా ఆగాల్సి వచ్చింది. "మధుమేహం అనగా క్లోమగ్రంథి తగినంత ఇన్సులిన్‌ను ఉత్పత్తి చేయలేకపోవుట" అని మొదలుపెట్టావు. తర్వాత కణాల తలుపులు, వాటికి తాళం చెవులు, నెత్తుటి కాలవలో పడవల్లా తేలే చక్కెర పలుకులు. బొమ్మలు వేస్తే అందంగానే ఉంటాయి, కాదనను. కానీ చూసేదెవరు? "రేపట్నుంచి సూది మొదలుపెడదామమ్మా" అని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి గుండెల్లో రాయి పడ్డ మనిషి. సంచిలో ఉన్న ఆ ప్లాస్టిక్ వస్తువుని ఇంటికెళ్ళి ఏం చెయ్యాలన్నదే ఆవిడ టెన్షన్. క్లోమం సంగతి ఆవిడకి రెండేళ్ళ తర్వాత తెలిసినా కొంపేం మునగదు.

నేనూ నీలాగే రాసేవాణ్ణి. ఎలా మానానో చెబుతాను.

చాలా ఏళ్ళ కిందట ఒక ఆస్పత్రికి సరిగ్గా ఇలాంటి వీడియోనే రాసిచ్చాను. పెన్ను సూదికి రెండు మూతలుంటాయి. పైన పెద్దది. అది తీస్తే లోపల సూదిని అంటిపెట్టుకుని సన్నటి గొట్టం లాంటిది ఇంకోటి. నేను "సూది మూత తీయండి" అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్ళిపోయాను. బొమ్మ వేసిన కుర్రాడు ఒక్క మూతే వేశాడు. పాపం, అతనెప్పుడూ పెన్ను చేత్తో పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు. డాక్టర్లు చూసి బాగుందన్నారు. రోజూ చూసేవాళ్ళకి ఆ రెండో మూత కంటికి ఆనదు కదా. నెల తిరక్కుండా అక్కడి నర్సమ్మ ఫోన్ చేసింది. ఒక పెద్దావిడ వారం రోజులుగా లోపలి మూత తీయకుండానే పొట్టకి ఆనించి బటన్ నొక్కుతోందట. మందు కారి చీర కుచ్చిళ్ళు తడుస్తుంటే, ఇది ఇంతే కాబోలు అనుకుందట. షుగర్ మూడొందలు దాటిపోయింది. ఆవిడ తప్పు ఇసుమంత కూడా లేదు. బొమ్మలో ఉన్నది ఉన్నట్టు చేసింది.

అమెరికాలోనూ రోగులు ఇదే మూత దగ్గర పొరపడితే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ పనిగట్టుకుని హెచ్చరిక జారీ చేసిందని తర్వాత తెలిసింది. నేనొక్కణ్ణే వెధవని కానని కాస్త ఊరట కలిగింది గానీ, ఆ తడిసిన కుచ్చిళ్ళు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

కాబట్టి ముందు నువ్వొక పెన్ను, నాలుగు సూదులు కొను. బల్ల మీద పెట్టుకో. చెయ్యి చేసే ఒక్కో పనికీ ఒక్కో వాక్యం రాయి. సూది బిగించడం. పెద్ద మూత తీసి పక్కన పెట్టుకోవడం (పారేయకూడదు, తర్వాత సూది ఊడదీయడానికి అదే కావాలి). చిన్న మూత తీసి పారేయడం. పెన్ను వెనక డోసు డయల్‌ని రెండు యూనిట్లకి తిప్పి, సూదిని పైకి పట్టుకుని నొక్కితే మొన మీద చుక్క కనిపించాలి. కనిపించకపోతే మళ్ళీ. అప్పుడు డాక్టరు రాసిన డోసు. బొడ్డుకి రెండు వేళ్ళ అవతల, నిటారుగా. బటన్ పూర్తిగా నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు తీయడం. ఇదంతా రాశాక చూసుకో, క్లోమానికి చోటుందో లేదో.

పది అంకెల దగ్గర ఇంకో మాట. పది లెక్కపెట్టమన్నప్పుడు తెర మీద కూడా నిజంగా పది సెకన్లు ఉండాలి. ఎడిటర్ గోల చేస్తాడు, బోరు కొడుతుంది కోసేద్దాం అంటాడు. ఒప్పుకోవద్దు. రెండు సెకన్లలో తేల్చేసిన వీడియో చూసినవాళ్ళు ఇంటి దగ్గర కూడా రెండు సెకన్లకే సూది లాగేస్తారు. మందు కొంత చర్మం పైనే ఉండిపోతుంది. మేము మళ్ళీ తీసినప్పుడు ఒక ముసలాయనకి చూపించి చేయమన్నాం. ఆయన "ఒకటీ రెండూ మూడూ" అని గుక్క తిప్పుకోకుండా పది చదివేశాడు. పెద్దాయనా, కాస్త నిదానంగా అంటే ఒక్క క్షణం ఆలోచించి, "లాభం... రెండు... మూడు..." అని మొదలుపెట్టాడు. కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అంటారే, ఆ లెక్క. కుంచం నింపి, గీసి, పోసేంత వ్యవధి ఉంది ఒక్కో అంకెకీ. మా చేత అంత మంచి మాట ఏ వర్క్‌షాపూ రాయించలేదు. "వడ్లు కొలిచినట్టు లెక్కపెట్టండి" అని అలాగే వాయిస్ ఓవర్‌లో పెట్టేశాం. పట్నం పిల్లలకి అది అర్థం కాదనుకో. వాళ్ళకి తెర మీద అంకెలు చాలు.

అసలు దీనికి యానిమేషనే కావాలని ఎవరన్నారు? నన్నడిగితే చేతులతో చేసే పని ఏదైనా మామూలు కెమెరాతో, నిజం చేతులతో తీయాలి. కాస్త ముడతలు పడ్డ చేతులైతే మరీ మంచిది. ఇన్‌హేలర్ అయినా అంతే, ఓఆర్‌ఎస్ కలపడం అయినా అంతే. (ఓఆర్‌ఎస్ అంటే గుర్తొచ్చింది, "ఒక లీటరు నీళ్ళలో" అని ఊరుకోకు. ఎవరింటి చెంబు వాళ్ళది. లీటరు వాటర్ బాటిల్ తెర మీద చూపించు.) యానిమేషన్‌ని కంటికి కనబడని వాటికి, నలుగురిలో చూపించలేని వాటికి దాచుకో. మొలల గురించో, రొమ్ములో గడ్డ తడిమి చూసుకోవడం గురించో చెప్పాలంటే గీతల బొమ్మకి మించింది లేదు. నీ స్క్రిప్టులో యానిమేషన్‌కి నికార్సయిన చోటు ఒక్కటే ఉంది: రోజూ ఒకే చోట పొడిస్తే చర్మం కింద కొవ్వు గడ్డ కట్టి, మందు సరిగా ఒంటబట్టకపోవడం. దాన్ని ఏ కెమెరా చూపించలేదు. ఎనిమిది సెకన్ల షాట్. నువ్వేమో దాన్ని వదిలేసి తాళం చెవులు గీయించావు.

బొమ్మకి ఇంకో చిక్కుంది, కొలత. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే కదా రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని మైక్రోస్కోపులో పట్టుకున్నాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది, వీలైతే వెళ్ళి చూడు. ఆ దోమనే 1943లో డిస్నీ వాళ్ళు కార్టూన్‌లోకి ఎక్కించి, ఏడుగురు మరుగుజ్జుల చేత తరిమి కొట్టించారు. ఇలాంటి సినిమాల గురించి మా వృత్తిలో ఎన్నాళ్ళనుంచో చెప్పుకునే కథ ఒకటుంది. తెర నిండా దోమని చూసిన ఊరివాళ్ళు, "మాకా భయం లేదండీ, మా దగ్గర దోమలు ఇంతింతే ఉంటాయి" అన్నారట. విన్నవాళ్ళంతా నవ్వుతారు. నాకు నవ్వు రాదు. బొమ్మని వాళ్ళు సరిగ్గానే చదివారు, వేసినవాడే కొలత చెప్పలేదు. అందుకే లోపలికి వెళ్ళే ముందు మనిషి చెయ్యి చూపించు, దాని మీద అసలు సైజులో దోమనో సూదినో చూపించు, అక్కణ్ణుంచి మెల్లగా దగ్గరికి వెళ్ళు. పని అయ్యాక మళ్ళీ బయటికి, ఆ చేతి దాకా తీసుకురా. చాలామంది లోపలే వదిలేసి వచ్చేస్తారు.

భాష సంగతికొస్తే, మధుమేహం అని ఎవరైనా డాక్టరు దగ్గర అనగా విన్నావా? షుగర్ అను. మూత్రపిండం అంటే పుస్తకం, కిడ్నీ అంటే మనిషి. "తీసుకొనవలెను" లాంటివి కొట్టేయి. సొరకాయ అనాలా ఆనపకాయ అనాలా అని రాశావు. కాయ బొమ్మ చూపిస్తున్నావు కదా, పేరుతో పనేముంది? "ఇలా అశ్రద్ధ చేస్తే కాలు తీసేస్తారు" అని కుంటి మనిషి బొమ్మ పెట్టమన్నావే, అది మాత్రం వద్దే వద్దు. భయపడ్డవాడు మందు వేసుకోడు, రిపోర్టు దాచేస్తాడు.

ఇంకోటి, వీడియో రోగికే చూపిస్తే సరిపోదు. డయాలసిస్ వాళ్ళ కోసం రాసినప్పుడు నేర్చుకున్నాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి పక్క, కొబ్బరి తోటల సీమ. ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేస్తున్నదీ అక్కడే. మనవాళ్ళు జబ్బు మనిషిని చూడ్డానికి వెళ్తే చేతిలో ఏం పట్టుకెళ్తారు? బొండాం. కిడ్నీలు పాడైనవాళ్ళకి కొబ్బరినీళ్ళలోని పొటాషియం బయటికి పోదు, ఒంట్లో పేరుకుని గుండె లయకే ఎసరు పెడుతుంది. ఆ సంగతి రోగికి తెలుసు. ప్రేమగా బొండాం కొట్టి గ్లాసులో పోసి, "ఒక్క గుక్క తాగు, చలవ చేస్తుంది" అనే బావమరిదికి తెలియదు. బావమరిదికి మొహమాటపడి ఆయన తాగుతాడు. అందుకని వీడియోలో నేను బావమరిదినే కథానాయకుణ్ణి చేశాను. అలాగే "ఉప్పు తగ్గించండి" అంటే మనవాళ్ళు పప్పులో చిటికెడు తగ్గించి, పక్కన ఆవకాయ వేసుకుంటారు. గరిటె ఎవరి చేతిలో ఉందో వాళ్ళతో మాట్లాడు. జాడీ చూపించు.

ఇక ఆస్పత్రి హాల్లో ఒక పూట కూర్చునిరా. అక్కడ టీవీ గోడకి ఎక్కడో పైన ఉంటుంది, సౌండ్ ఉండదు, ఉన్నా ఫ్యాన్ల మోతలో, టోకెన్ నంబర్ల పిలుపుల్లో కలిసిపోతుంది. జనం మధ్యలో లేచి వెళ్ళిపోతారు. నీ వీడియోని మ్యూట్‌లో పెట్టి, మధ్యలోంచి మొదలుపెట్టి చూడు. అప్పటికీ ఏం చెయ్యాలో తెలిస్తే అది వీడియో. ఒక వీడియోకి ఒక్క పనే పెట్టుకో. లో షుగర్ వస్తే ఏం చేయాలన్నది వేరేగా రాద్దాం, అది ప్రాణం మీదికొచ్చే విషయం, తోక లాగా తగిలించకూడదు. మందు దాచుకోవడం గురించి ఉంచు, కానీ "ఫ్రిజ్‌లో పెట్టండి" దగ్గర ఆగిపోకు. ఫ్రీజర్‌లో గడ్డ కట్టిన ఇన్సులిన్ పనికిరాదని చెప్పు, ఫ్రిజ్ లేని ఇంటికి తడి మట్టికుండ చూపించు.

స్పాన్సర్ లోగో పెద్దది చేయమంటున్నారని బాధపడ్డావు. చివర్న పెట్టుకోమను. పెన్ను మీద చెయ్యి ఉన్నప్పుడు మాత్రం తెర మీద ఇంకేమీ ఉండడానికి వీల్లేదని గట్టిగా చెప్పు. నా పేరు వాడుకో, ఫర్వాలేదు.

డ్రాఫ్టు చూపించినప్పుడు "అర్థమైందా అమ్మా" అని మాత్రం ఎవర్నీ అడక్కు. మనవాళ్ళు మర్యాదస్తులు. ఏమీ అర్థం కాకపోయినా "ఆ, శుభ్రంగా అర్థమైంది బాబూ" అంటారు. పెన్ను చేతికిచ్చి, ఇంటి దగ్గర ఎలా చేస్తారో చేసి చూపించమను.

అమ్మ కూడా ఈ మధ్యే సూది మొదలుపెట్టిందన్నావుగా. కొత్త డ్రాఫ్టు ముందు ఆవిడకే చూపించు. తర్వాత పెన్ను ఇచ్చి, నువ్వు చేతులు కట్టుకుని పక్కన కూర్చో. ఆ రెండో మూత దగ్గర ఆవిడ వేళ్ళు ఆగుతాయో లేదో చూసి నాకు రాయి.

ఉంటాను,
అన్నయ్య