రెండు రోజుల సెలవుకు మూడు సినిమాలు, ఒక చిన్న సిరీస్

ఈ శని, ఆదివారాలు ఎక్కడికీ వెళ్ళకుండా డెబ్బై దాటిన తల్లిదండ్రులతోనూ, హైస్కూలు పిల్లలతోనూ ఇంట్లోనే గడపబోతున్నామని, అందరూ కలిసి చూడదగిన తెలుగు సినిమాలు, సిరీస్‌లు చెప్పమని మీరు అడిగారు. మా ఇంట్లోనూ అచ్చంగా ఇదే పరిస్థితి కాబట్టి, మేము చూసినవాటిలో నలుగురికీ నచ్చినవి మాత్రమే చెబుతాను.

మొదట ఒక పొరపాటు గురించి చెప్పాలి. నిరుడు ఎవరో మెచ్చుకున్నారని నేరపరిశోధన సిరీస్ ఒకటి పెట్టాను. పది నిమిషాలైనా గడవకముందే బూతులు మొదలయ్యాయి. మా నాన్నగారు ట్యాంకు నిండిందో లేదో చూసి వస్తానని మేడ మీదికి వెళ్ళి, ఆ పూటకు మళ్ళీ హాల్లోకి రాలేదు. అప్పటినుంచి పెద్దవాళ్ళతో చూడాలనుకున్నదానిని ముందురోజు రాత్రి నేనొక్కడినే కొంతసేపు చూసి నిర్ణయిస్తున్నాను.

శనివారం మధ్యాహ్నానికి 2019లో వచ్చిన 'మల్లేశం' పెట్టండి. ఆలేరు ప్రాంతానికి చెందిన చేనేత కుటుంబంలో పుట్టి, ఆసు యంత్రాన్ని తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం జీవితం ఇది. పోచంపల్లి చీర నేయాలంటే ముందుగా నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో చుట్టాలి, దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడాలి. ఆ పని చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే. మా అమ్మమ్మ గారిది నేత ఇల్లు. తెరమీద మల్లేశం తల్లిగా ఝాన్సీ ఆసు పోస్తుంటే మా అమ్మ మాటా పలుకూ లేకుండా తన కుడిభుజం నొక్కుకుంటూ కూర్చుంది. తరువాత, అమ్మమ్మకు చెయ్యి పైకి లేచేది కాదనీ, ఆమెకు జడ తానే వేసేదాన్ననీ చెప్పింది. నలభై ఏళ్ళలో నాకు ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. సినిమా రెండో సగం కాస్త నెమ్మదిస్తుంది, అయినా ఎవరూ లేవలేదు.

పిల్లల కోసం ఈటీవీ విన్ ఓటీటీలో 2024లో వచ్చిన '90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' ఉంది. భాగాలు ఆరే కాబట్టి రోజుకు మూడు చొప్పున సరిపోతాయి. లెక్కల మాస్టారైన తండ్రిగా శివాజీ నటించారు. మార్కుల దగ్గర ఆయన పిల్లలను నిలదీసినప్పుడల్లా మా అబ్బాయి తెరవైపు కాకుండా నావైపు చూశాడు.

ఆదివారం ఉదయం తేలికగా ఉండాలంటే ప్రైమ్ వీడియోలో నేరుగా విడుదలైన 'మిడిల్ క్లాస్ మెలోడీస్' (2020) చూడవచ్చు. కొలకలూరు నుంచి గుంటూరు వెళ్ళి హోటల్ పెట్టాలని, తన బొంబాయి చట్నీ రుచి ఊరందరికీ చూపించాలని ఆరాటపడే కుర్రవాడి కథ. తండ్రి కొండలరావుగా గోపరాజు రమణ గారి విసుగు, గొణుగుడు, తిట్లలోని ప్రేమ చూస్తే ఎవరి ఇంటి పెద్దాయనైనా గుర్తుకు వస్తారు. ఇంట్లో శనగపిండి ఉందో లేదో ముందే చూసుకోండి, ఎందుకంటే మా వాళ్ళు సినిమా సగంలోనే ఇడ్లీలోకి ఆ చట్నీ కావాలని పట్టుబట్టారు.

ఇక 'బలగం' (2023) గురించి. ఇంటి పెద్ద చనిపోతే పిండాన్ని కాకి ముట్టకపోవడం, ఎప్పుడో భోజనాల దగ్గర నల్లి బొక్క (మూలుగ ఎముక) కోసం మొదలైన తగాదా అన్నాచెల్లెళ్ళను ఏళ్ళ తరబడి విడదీయడం, ఆ రెంటినీ కలిపి వేణు యెల్దండి తీసిన చిత్రం. నాకు ఈ నాలుగింటిలోనూ ఇదే గొప్పది. కానీ మీ ఇంట్లో ఏడాదిలోపు ఎవరైనా పోయి ఉంటే ఇప్పుడు పెట్టవద్దు. అలాంటిదేమీ లేకపోతే ఆదివారం సాయంత్రం ఆరు లోపే మొదలుపెట్టండి. మేము రాత్రి తొమ్మిదింటికి పెట్టి, అది అయ్యాక పదకొండున్నర దాకా నాన్నగారు తన అక్కగారి సంగతులు చెబుతుంటే కూర్చుండిపోయాము. మర్నాడు పిల్లలకు స్కూలు బస్సు తప్పింది.