కృత్రిమ కాలు ఒక్కసారి ఇస్తే సరిపోదు

"వార్తల్లో గాజా, ఉక్రెయిన్ పిల్లల్ని చూస్తుంటే నిద్ర పట్టట్లేదు. యుద్ధంలో దెబ్బతిన్న మామూలు జనానికి మనలాంటివాళ్లు ఇచ్చే కొద్ది డబ్బు నిజంగా పనికొస్తుందా? డబ్బే పంపాలా, బట్టలూ మందులూ పంపాలా?" అని అడిగారు.

పనికొస్తుంది. డబ్బే పంపండి. వీలైతే ఒకేసారి కాకుండా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పంపండి. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే నేను చూసింది చెప్పాలి.

నేను కృత్రిమ కాళ్లు తయారుచేసే టెక్నీషియన్ని. మాది చిత్తూరు జిల్లాలో తమిళనాడు సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆ తమిళం వచ్చు కాబట్టే 2011లో ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను ఉత్తర శ్రీలంకకి పంపింది. రెండేళ్లు వవునియా, కిళినొచ్చి మధ్య తిరిగాను. నన్ను పంపడానికి ఇంకో కారణం నేను ఆడమనిషిని కావడం. తెగిన కాలిని మగవాళ్లకి చూపించడానికి మనసొప్పక, అసలు కాలే పెట్టించుకోకుండా ఉండిపోయిన ఆడవాళ్లు అక్కడ చాలామంది కనిపించారు.

శ్రీలంక ప్రభుత్వానికీ, ఎల్టీటీఈ (తమిళ పులులు)కీ మధ్య 1983లో మొదలైన యుద్ధం 2009 మే నెలలో ముల్లైత్తీవు జిల్లా సముద్రతీరంలో, ముల్లివాయ్‌క్కాల్ దగ్గర ముగిసింది. బయటపడ్డ దాదాపు మూడు లక్షల మందిని క్యాంపుల్లో పెట్టారు. వాటిలో పెద్దదైన మెనిక్ ఫామ్‌ని మూసేసింది 2012 సెప్టెంబరులో. అంటే నేను వెళ్లేసరికి టీవీలవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, జనం మాత్రం అప్పుడప్పుడే సొంత ఊళ్లకి తిరిగొస్తున్నారు. జాఫ్నా వెళ్లే ఏ9 రోడ్డు పక్కన తలలు తెగిన తాటిచెట్లు, కప్పుల్లేని గోడలు, మందుపాతరలున్నాయని పుర్రె బొమ్మ వేసిన ఎర్ర బోర్డులు. సాయం చేసే సంస్థలకి డబ్బు తగ్గిపోవడం కూడా సరిగ్గా అప్పుడే మొదలైంది.

కృత్రిమ కాలు అంటే కళ్లజోడులా ఒకసారి కొనిస్తే అయిపోయే వస్తువని చాలామంది అనుకుంటారు. ఆపరేషన్ అయ్యాక మిగిలిన కాలి భాగాన్ని మేం స్టంప్ అంటాం. అది మొదట్లో వాచి ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ చిక్కిపోతుంది. దానికి ప్లాస్టర్‌తో అచ్చు తీసి చేసిన సాకెట్, అంటే స్టంప్‌ని దూర్చే గిన్నెలాంటి భాగం, ఆరు నెలలకే వదులవుతుంది. వదులైన సాకెట్‌తో నడిస్తే చర్మం రాసుకుపోయి పుండు పడుతుంది. వన్ని (మేం తిరిగిన ఆ ఉత్తర ప్రాంతం) ఎండల్లో లోపలంతా చెమట. ఒక్క పుండు పడితే రెండు వారాలు కాలు తొడుక్కోకూడదు. కూలికి వెళ్లే మనిషికి రెండు వారాల కూలి పోయినట్టే. పెద్దవాళ్లకైతే మూడు నుంచి ఐదేళ్లకోసారి కొత్త కాలు కావాలి. పెరిగే పిల్లలకి ఆరు నెలలకో, ఏడాదికో మార్చాలి. పిల్లల్లో ఇంకో బాధ ఉంది. తెగినచోట ఎముక లోపల పెరుగుతూనే ఉంటుంది, ఒక్కోసారి చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. అప్పుడు మళ్లీ ఆపరేషన్, మళ్లీ కొత్త అచ్చు, మళ్లీ నడక నేర్చుకోవడం.

నా దగ్గరికొచ్చిన ఎనిమిదేళ్ల అబ్బాయికి ఇదే జరిగింది. షెల్ పడి మోకాలి కింద కాలు పోయింది. మొదటి కాలు పెట్టిన రోజు పరుగెత్తాడు. ఎనిమిది నెలలకి కుంటుతూ వచ్చాడు. ఎముక చర్మం దాకా వచ్చేసింది. వాళ్లమ్మ "పోయినసారి ఇచ్చారు కదా, మళ్లీ అడగడానికి సిగ్గేసింది" అంది. ఆ సిగ్గుతోనే మూడు నెలలు ఆలస్యం చేశారు. ఆ మాట నాకిప్పటికీ గుర్తొస్తుంది.

మాకు అక్కరకొచ్చింది జైపూర్ కాలు. 1960ల చివర్లో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి చేసిన రబ్బరు పాదం అది. దాంతో చెప్పుల్లేకుండా నడవచ్చు, పొలం బురదలో దిగొచ్చు, గొంతుకూర్చోవచ్చు. కింద కూర్చుని అన్నం తినే మనుషులకి అదెంత అవసరమో మనకి వేరే చెప్పక్కర్లేదు. జాఫ్నాలో 1987 నుంచి, అంటే యుద్ధం జరుగుతుండగానే, ఒక జైపూర్ సెంటర్ నడుస్తోంది. ఊరివాళ్లే పనిచేస్తారు, ఊళ్లోనే ఉంటారు. నాకు నచ్చింది అదే.

ఎందుకంటే దీనికి పూర్తిగా వ్యతిరేకమైంది కూడా చూశాను. ఒక సంస్థ (పేరు వద్దు) మూడు రోజుల క్యాంపు పెట్టింది. వందల మందికి కొలతలు తీసి, కాళ్లు తొడిగి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. సాయంగా నేనూ ఆ మూడు రోజులు రాత్రీ పగలూ పనిచేశాను, ఎంతో మంచి పని చేశానని సంతోషపడ్డాను. ఏడాది తర్వాత అదే ఊళ్లకి వెళ్తే చాలా ఇళ్లలో ఆ కాళ్లు గోడకి మేకుకి వేలాడుతున్నాయి. మనుషులు కర్రల మీద నడుస్తున్నారు. కాలు చెడ్డది కాదు. వదులైనప్పుడు సరిచేసేవాళ్లు లేరు.

ఆ క్యాంపు రోజునే ఒక పెద్దావిడ నన్ను అడిగింది. అక్కడ తల్లి తల్లిని మనలాగే అమ్మమ్మ అంటారు, అందుకే ఆమెని అలా పిలవడం నాకు ఎంతో హాయిగా ఉండేది. ఆమె పాత కాలు 90లలో ఎవరో ఇచ్చినది. సైకిల్ ట్యూబు, నైలాను తాడు కట్టి నెట్టుకొస్తోంది. కొత్తది తొడిగాక నాలుగడుగులు వేసి, "పిళ్లై (బిడ్డా), నువ్వు వెళ్లిపోయాక ఇది విరిగితే ఎవరి దగ్గరికి పోవాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మీరు ఏ సంస్థకి ఇవ్వాలనుకున్నా వాళ్లని ఆ ప్రశ్నే అడగండి. కాలైనా, ఇల్లైనా, బోరుబావైనా, మీరు వెళ్లిపోయాక చెడిపోతే ఎవరు చూస్తారు? అక్కడి మనుషులకి పని నేర్పించారా? జీతాలకి డబ్బుందా? జీతాలకి ఖర్చుపెట్టే సంస్థని అనుమానంగా చూసే అలవాటు మనలో ఉంది. నా అనుభవంలో మాత్రం టెక్నీషియన్ జీతం, పేషెంట్ బస్సు చార్జీ, కాళ్లు చేసే ప్లాస్టిక్ షీట్ల ఖర్చు, ఈ మూడూ ఉంటే సెంటర్ నడుస్తుంది. ఫలానా దానికే వాడాలని షరతు పెట్టకుండా ఇస్తే వాళ్లు అవసరాన్ని బట్టి వాడుకుంటారు.

బట్టలు, మందులు ఎందుకు వద్దంటే, మూటలు విప్పడానికీ, ఏరడానికీ, దాచడానికీ మనుషులు కావాలి, చోటు కావాలి. చలికోట్లు వచ్చిన మూట నేనే విప్పాను, అదీ కిళినొచ్చిలో. మందులైతే ఇంకా ప్రమాదం. బోస్నియా యుద్ధంలో ఇలా వచ్చిపడ్డ వాటిలో దాదాపు 17 వేల టన్నులు పనికిరానివని తేలింది, వాటిని వదిలించుకోవడమే పెద్ద ఖర్చు. అదే డబ్బయితే దగ్గరి పట్నంలోనే కొంటారు, ఆ కొట్టువాడూ నిలదొక్కుకుంటాడు.

చేతికి డబ్బిస్తే వృథా చేస్తారేమో అనే భయం కూడా వినిపిస్తుంటుంది. శ్రీలంకలో భారత ప్రభుత్వం 50 వేల ఇళ్లు కట్టించింది. ప్రయోగంగా మొదటి వెయ్యి కాంట్రాక్టరు కట్టాడు. ఆ తర్వాత ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో చాలావరకు ఇంటివాళ్ల బ్యాంకు ఖాతాలోకే విడతలుగా 5.5 లక్షల శ్రీలంక రూపాయలు వేశారు. పునాది అయితే ఒక విడత, గోడలు లేస్తే ఇంకో విడత. జనం తమ ఇల్లు తామే దగ్గరుండి కట్టుకున్నారు. అయితే ఖర్చు పెరిగి డబ్బు చాలక కొందరు అప్పు చేశారు. అప్పులిచ్చే సంస్థలు ఆ ఊళ్ల మీద వాలిపోయాయి. వారం వారం ఇంటి ముందు నిలబడే వసూలు మనుషుల్ని చూసి నాకు 2010 నాటి మన రాష్ట్రం గుర్తొచ్చింది. మైక్రోఫైనాన్స్ ఒత్తిళ్లకి ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటే ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. భర్త పోయిన ఇల్లాలికి సాయం పేరుతో అప్పు అంటగట్టే పథకానికి దయచేసి డబ్బివ్వకండి.

మందుపాతరలు తీసే పనికి ఇచ్చినా మంచిదే. హాలో ట్రస్ట్ 2002 నుంచి అక్కడ పనిచేస్తోంది. ముహమలై మైదానంలో మోకాళ్ల మీద కూర్చుని, చిన్న పరికరాలతో మట్టిని అంగుళం అంగుళం గీకేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది, వాళ్లలో భర్తల్ని పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ జీతంతో పిల్లలు చదువుకుంటున్నారు, శుభ్రమైన నేల మళ్లీ సాగులోకి వస్తోంది. ఒక పాతర తీస్తే నా దగ్గరికి రావాల్సిన మనిషి ఒకరు తగ్గినట్టే కదా.

పన్ను విషయం కూడా చెబుతాను. 80జీ పేరుతో తెలిసిన, విరాళాల మీద ఆదాయపు పన్ను మినహాయింపు మన దేశంలో అనుమతి పొందిన సంస్థలకిస్తేనే వర్తిస్తుంది. విదేశీ సంస్థకి నేరుగా పంపితే రాదు. జైపూర్‌లో 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి కాళ్లు ఉచితంగా ఇస్తుంది, బయటి దేశాల్లోనూ క్యాంపులు పెడుతుంది. వాళ్లనైనా సరే, క్యాంపు అయ్యాక రిపేర్లు ఎవరు చూస్తారో అడిగే ఇవ్వండి.

నేను తిరిగొచ్చాక నెలకి 500 రూపాయలు పక్కన పెట్టి, ఏడాదికోసారి అక్కడి సెంటర్‌కి పంపుతున్నాను. 2022లో శ్రీలంకలో పెట్రోలు దొరక్క, ధరలు మండిపోయినప్పుడు నాతో పనిచేసిన అమ్మాయి ఫోన్ చేసింది. బస్సుల్లేక పేషెంట్లు రావట్లేదట, వీళ్లే సైకిళ్ల మీద పనిముట్లు వేసుకుని ఊళ్లకి వెళ్తున్నారట. మాటల మధ్యలో ఆ అబ్బాయి గురించి అడిగాను. పంతొమ్మిదేళ్లొచ్చాయి, గ్యారేజీలో పని నేర్చుకుంటున్నాడు, పోయిన వారమే కొత్త కాలు తొడిగామంది. ఇది ఎన్నోదని అడిగితే రిజిస్టర్ తిరగేసి చెప్పింది, పన్నెండోది.