ముందు జట్టు, తర్వాతే వీరుడు: బాల్డర్స్ గేట్ 3 పై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

బతుకమ్మ సెలవుల్లో ఆడి, సెలవులు ముగిశాక ఉత్తరాలు రాసినవారే ఎక్కువమంది ఉన్నట్టున్నారు. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా బాల్డర్స్ గేట్ 3 గురించే ఉన్నందున ఈ సంచికలోని శీర్షికను దానికే కేటాయిస్తున్నాము. తెలియనివారి కోసం రెండు మాటలు. ఇది బెల్జియంకు చెందిన లేరియన్ స్టూడియోస్ 2023 ఆగస్టు 3న పీసీ మీద విడుదల చేసిన ఆట. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ నియమాలను ఆధారం చేసుకొని, వంతులవారీగా సాగుతుంది. జట్టులో నలుగురుంటారు (కత్తి పట్టే లేజెల్, మంత్రాలు వేసే షాడోహార్ట్, గేల్, విల్ ఇందులో చేరే పాత్రలే), ఎదుగుదల 12వ లెవెల్‌తో ఆగుతుంది, ప్రతి దాడి ఫలితాన్నీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

ప్రశ్న: లేజెల్‌కు నాలుగో లెవెల్‌లో గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ ఇచ్చాను. అప్పటి నుంచి ఆమె కత్తి గాలిలోనే తిరుగుతోంది. మా హాస్టల్‌లో అందరూ ఆ ఫీట్ తీసేయమంటున్నారు. తీసేయాలా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, హన్మకొండ

తీసేయనవసరం లేదు, కానీ ఎప్పుడు వాడాలో లెక్క చూసుకోవాలి. ఫీట్ అంటే పాత్రకు మనం ఎంచి ఇచ్చే ప్రత్యేక నైపుణ్యం. ఈ ఫీట్ దాడి పాచికకు కలిసే సంఖ్యలో 5 తగ్గించి, దెబ్బ తగిలితే డ్యామేజ్‌కు 10 కలుపుతుంది. అయిదో లెవెల్‌లో లేజెల్ బలం 17 అనుకుందాం. బలం వల్ల 3, ప్రొఫిషియన్సీ (ఆయుధంలో ప్రావీణ్యం) వల్ల 3, చేతిలో ప్లస్ వన్ గ్రేట్‌స్వోర్డ్ ఉంటే ఇంకొకటి, మొత్తం 7. ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడానికి అందుకోవాల్సిన సంఖ్య) 15 అయితే పాచిక మీద 8 లేదా అంతకు మించి పడాలి, అంటే నూటికి 65 సార్లు తగులుతుంది. గ్రేట్‌స్వోర్డ్ దెబ్బ సగటున 11 కనుక ఒక్కో దాడికి దక్కేది సుమారు 7. ఫీట్ ఆన్ చేస్తే పాచిక మీద 13 పడాలి. తగిలే అవకాశం 40 శాతానికి పడిపోయినా దెబ్బ 21 అవుతుంది కనుక సగటు 8.4 దగ్గర నిలుస్తుంది. లాభం ఉన్నమాట నిజమే గాని, అయిదింట మూడు దెబ్బలు వృథా అయ్యే ఆటను ఎవరూ ఇష్టపడరు. మీ మిత్రులు చెప్పేది అందుకే.

ఇప్పుడు ఇదే లెక్కలోకి మిగతా ముగ్గురినీ తీసుకురండి. షాడోహార్ట్ బ్లెస్ మంత్రం వేస్తే ప్రతి దాడికీ నాలుగు ముఖాల పాచిక ఒకటి కలిసి, ఫీట్‌తో ఒక్కో దాడి సగటు 11కు చేరుతుంది. శత్రువు నేల మీద పడి ఉన్నా, ఫెయిరీ ఫైర్ మంత్రపు వెలుగులో చిక్కినా మీకు అడ్వాంటేజ్ వస్తుంది, అంటే పాచిక రెండుసార్లు వేసి పెద్ద సంఖ్య తీసుకుంటారు. అడ్వాంటేజ్ ఒక్కటే ఉంటే తగిలే అవకాశం 64 శాతం, సగటు 13కు పైన. బ్లెస్, అడ్వాంటేజ్ రెండూ ఉంటే తగిలే అవకాశం 77 శాతం, సగటు 16. ఫీట్ లేకుండా మొదలుపెట్టిన ఏడుకు ఇది రెట్టింపు కన్నా ఎక్కువ, అయినా ఈ తేడాలో లేజెల్ సొంతంగా సాధించినది చాలా తక్కువ. ఒక్క దెబ్బకు వందల డ్యామేజ్ చూపించే వీడియోల్లో ఈ సంగతే కనిపించదు. దెబ్బ కొట్టే మనిషి మీదే కెమెరా ఉంటుంది, ఆ దెబ్బకు దారి వేసిన ముగ్గురు అంచుల్లో నిలబడి ఉంటారు.

ఎప్పుడు ఆఫ్ చేయాలన్నది కూడా తెలుసుకోండి. ఆర్మర్ క్లాస్ 20 ఉన్న ప్రత్యర్థి మీద ఎవరి సాయమూ లేకుండా ఈ ఫీట్‌తో కొడితే సగటు 3 చిల్లర, ఆఫ్ చేసి కొడితే 4.4. పాసివ్‌ల (ఎప్పుడూ పనిచేసే శక్తుల) వరుసలో ఒక్క క్లిక్‌తో ఆఫ్ చేయవచ్చు. ఆఫ్ చేసినా ఈ ఫీట్‌లోని రెండో సగం పనిచేస్తూనే ఉంటుంది. శత్రువును చంపినప్పుడో, క్రిటికల్ (పాచిక మీద 20) పడినప్పుడో బోనస్ యాక్షన్‌తో (వంతులో అసలు పనికి అదనంగా దొరికే చిన్న పనితో) ఇంకో దెబ్బ వేయనిస్తుంది.

ప్రశ్న: షాడోహార్ట్ వేసిన బ్లెస్ ఒక్క రౌండు కూడా నిలవడం లేదు. వేసీ వేయగానే పోతోంది. బ్లెస్ నడుస్తుండగా షీల్డ్ ఆఫ్ ఫెయిత్ కూడా వేశాను, ఆమెకు వరుసగా బాణాలు తగిలాయి. ఇది బగ్గా?
— డిగ్రీ విద్యార్థిని, జమ్మికుంట

బగ్ కాదు, కాన్సంట్రేషన్ (మంత్రాన్ని నిలిపి ఉంచే ఏకాగ్రత) తెగిపోతోంది. అది తెగడానికి మూడు ముఖ్యమైన కారణాలు ఉన్నాయి. మీ ఉత్తరంలో రాసిన పోరాటాన్ని బట్టి చూస్తే అందులో రెండు మీకే వర్తిస్తున్నాయి.

మొదటిది, కాన్సంట్రేషన్ అవసరమైన స్పెల్ (మంత్రం) ఒక మనిషికి ఒక్కటే నిలుస్తుంది. బ్లెస్ నడుస్తుండగా షీల్డ్ ఆఫ్ ఫెయిత్ వేశానని మీరే రాశారు. రెండోది వేసిన క్షణమే మొదటిది పోయింది. చిన్న మంత్రంలా కనిపించే గైడెన్స్‌కు కూడా ఈ ఆటలో కాన్సంట్రేషన్ అవసరమని చాలామంది గమనించరు. రెండోది, దెబ్బ తిన్న ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం) సేవింగ్ త్రో, అంటే తట్టుకుంటారో లేదో తేల్చే పాచిక వేయాలి. అందుకోవాల్సిన సంఖ్య 10 లేదా తగిలిన డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. క్లెరిక్‌కు (దైవశక్తితో మంత్రాలు వేసే షాడోహార్ట్ లాంటివారికి) ఈ త్రోలో ప్రొఫిషియన్సీ ఉండదు. కాన్‌స్టిట్యూషన్ 14 ఉన్న షాడోహార్ట్ ఒక దెబ్బను తట్టుకునే అవకాశం 65 శాతం. వరుసగా మూడు బాణాలు తగిలితే మూడింటినీ దాటే అవకాశం 27 శాతమే. మూడోది, జారి పడినా కాన్సంట్రేషన్ పోతుంది. తడి నేల గడ్డకట్టి మంచు అయ్యాక దాని మీదుగా షాడోహార్ట్‌ను నడిపించడమంటే శత్రువు చేయాల్సిన పని మనమే చేసిపెట్టడం.

ఖర్చు లేని మందు ఒకటుంది. బ్లెస్ ముగ్గురికి వేయవచ్చు కదా, ఆ ముగ్గురిలో షాడోహార్ట్‌ను కూడా చేర్చండి. బ్లెస్ సేవింగ్ త్రోలకు కూడా కలుస్తుంది కనుక తన మంత్రాన్ని తానే కాపాడుకుంటుంది; ఒక్కో దెబ్బకు 65 శాతం ఉన్న అవకాశం 77 దాటుతుంది. నాలుగో లెవెల్‌లో వార్ కాస్టర్ ఫీట్ తీసుకుంటే ఈ త్రోలకు అడ్వాంటేజ్ వస్తుంది. అన్నిటికన్నా ముందు, బ్లెస్ వేశాక ఆమెను విలుకాళ్లకు కనిపించేలా నిలబెట్టకండి. క్లెరిక్ కనుక ముందు వరుసలో ఉండాలని నియమమేమీ లేదు.

ప్రశ్న: మా తమ్ముడు, నేను తెరను రెండుగా చేసుకొని ఆడతాం. నేను షాడోహార్ట్‌తో నీళ్లు కురిపిస్తే శత్రువులకు దెబ్బ రెట్టింపు అవుతుందని విన్నాను. నేను నీళ్లు కురిపించాక వాడు గేల్‌తో ఫైర్‌బాల్ వేశాడు. ఎప్పుడూ పడే దానిలో సగం కూడా పడలేదు. తప్పు నాదేనని వాడంటాడు.
— కరీంనగర్

మీ తమ్ముడిదే తప్పు, ఈ పుట ఆయనకు చూపించండి. తడిసిన శరీరానికి మెరుపు, చలి తాకితే డ్యామేజ్ రెట్టింపు. నిప్పు తాకితే సగం. ఫైర్‌బాల్, లైట్నింగ్ బోల్ట్ రెండూ మూడో లెవెల్ స్పెల్స్, రెండింటికీ ఆరు ముఖాల పాచికలు ఎనిమిది, సగటు 28. శత్రువు సేవింగ్ త్రో తప్పితే తడి ఒంటి మీద ఫైర్‌బాల్ 14 తీసుకుంటుంది, లైట్నింగ్ బోల్ట్ 56 తీసుకుంటుంది. ఖర్చయ్యే స్లాటు (మంత్రం వేయడానికి ఉన్న ఒక అవకాశం) ఒకటే అయినా ఫలితంలో నాలుగు రెట్ల తేడా.

అయితే ఈ జోడీ కుదరాలంటే మీ ఇద్దరి వంతుల మధ్య శత్రువు వంతు రాకుండా చూసుకోవాలి. ఈ ఆటలో ఇనిషియేటివ్‌కు (ఎవరి వంతు ముందో తేల్చడానికి) ఇరవై ముఖాల పాచిక కాదు, నాలుగు ముఖాలదే వాడతారు; దానికి డెక్స్‌టెరిటీ (చురుకుదనం) అదనం కలుస్తుంది. పాచిక ఇంత చిన్నది కనుక డెక్స్‌టెరిటీ 14 ఉన్నవారికీ 10 ఉన్నవారికీ మధ్య అదనంలో ఉండే 2 తేడాయే వరుసను నిర్ణయిస్తుంది, 5 కలిపే అలర్ట్ ఫీట్ ఉన్నవారు దాదాపు ప్రతిసారీ ముందుంటారు. పైగా మన జట్టులో ఇద్దరి వంతులు పక్కపక్కనే పడితే ఇద్దరూ ఒకే విడతలో ఏ క్రమంలోనైనా కదలవచ్చు. మొదట మీరు నీళ్లు కురిపించడం, వెంటనే ఆయన మెరుపు వేయడం, మిగిలిన మీ బోనస్ యాక్షన్‌ను ఆ తర్వాత మీరు వాడుకోవడం, అన్నీ ఆ విడతలోనే సాధ్యం. అన్నదమ్ములు మాట్లాడుకుంటూ ఆడితేనే ఇది కుదురుతుందని వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక్క మాట. గేల్‌కు రెండో లెవెల్‌లో ఎవొకేషన్ విభాగం (ఫైర్‌బాల్, లైట్నింగ్ బోల్ట్ లాంటి మంత్రాలది) ఇచ్చి ఉంటే ఆ విభాగపు స్పెల్స్ మన మనుషులను గాయపరచవు. ఇవ్వకపోతే, ముందు వరుసలో తడిసి నిలబడ్డ మీ వీరుడికి కూడా మెరుపు రెట్టింపే తగులుతుంది.

ప్రశ్న: పాలడిన్ 5, రోగ్ 3, ఫైటర్ 2, వార్లాక్ 2. ఈ బిల్డ్ ఎలా ఉంది?
— మంచిర్యాల

తెలియనివారికి, ఇవి నాలుగు క్లాసుల (పాత్రల వృత్తుల) పేర్లు; పక్కనున్న అంకెలు ఒకే పాత్ర వాటిలో తీసుకున్న లెవెళ్లు. కాగితం మీద బాగుంది. ఆడేటప్పుడు మాత్రం దారి పొడవునా ఏదో ఒకటి తక్కువైనట్టే ఉంటుంది. ఫీట్ లేదా సామర్థ్యపు పెంపు వచ్చేది మొత్తం లెవెల్‌ను బట్టి కాదు, ఒక్కో క్లాస్‌లో సాధారణంగా 4, 8, 12 లెవెళ్ల దగ్గర. మీ లెక్కలో పాలడిన్‌కు ఒకటి వస్తుంది, మిగతా మూడు క్లాసుల్లో నాలుగు దాటలేదు కనుక ఏదీ రాదు. అంటే 12 లెవెళ్ల ప్రయాణంలో ఒక్క ఫీట్. ఇంకా బాధాకరమైనది, ఆరో లెవెల్ పాలడిన్‌కు వచ్చే ఆరా ఆఫ్ ప్రొటెక్షన్‌ను ఒక్క మెట్టు ముందు వదిలేశారు. దగ్గరలో ఉన్న మన వాళ్లందరి సేవింగ్ త్రోలకు పాలడిన్ కరిజ్మా (ఆకర్షణ శక్తి) అదనాన్ని కలిపే శక్తి అది, జట్టు మొత్తానికి ఉపయోగపడేది.

అయిదో లెవెల్‌లో ఎక్స్‌ట్రా అటాక్ (ఒక యాక్షన్‌లో రెండో దెబ్బ) వచ్చేవరకు ఏ యోధుడికీ వేరే క్లాస్ కలపవద్దన్నది నా గట్టి అభిప్రాయం. ఆ తర్వాత పాలడిన్ 8, సార్సరర్ 4 చూడండి. మూడు ఫీట్లూ దక్కుతాయి, రెండు క్లాసులకూ కరిజ్మాయే ఆధారం, పైగా నేరుగా 12 లెవెళ్ల పాలడిన్‌కు రాని నాలుగో లెవెల్ స్లాట్లు రెండు వస్తాయి. వాటిని డివైన్ స్మైట్‌కు (దెబ్బకు అదనపు డ్యామేజ్ కలిపే పాలడిన్ శక్తికి) ఖర్చు చేయవచ్చు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎనిమిదో ప్యాచ్ కొత్తగా 12 ఉపవిభాగాలు చేర్చింది. వాటిలో హెక్స్‌బ్లేడ్ వార్లాక్ ఒక్క లెవెల్ తీసుకున్నా ఆయుధానికి బలం బదులు కరిజ్మా వాడుకోవచ్చు కనుక పాలడిన్ 11, వార్లాక్ 1 కూడా బలమైనదే, ఒక ఫీట్ వదులుకోవాలి అంతే. ఏది నచ్చకపోయినా భయపడకండి. ఆట మొదట్లో ఓడ కూలిన ఒడ్డుకు దగ్గరి శిథిలాల కింది సమాధిలో కనిపించే విదర్స్, శిబిరానికి వచ్చాక 100 బంగారు నాణేలు తీసుకొని ఎన్నిసార్లయినా బిల్డ్ మార్చిపెడతాడు.

ప్రశ్న: గాయపడ్డవారికి మందు తాగించడానికి వంతు మొత్తం పోతోంది. వేరే మార్గం ఉందా?
— జగిత్యాల

తాగడానికి బోనస్ యాక్షన్ చాలు. సీసాను ఇద్దరు ముగ్గురు నిలబడ్డ చోట నేల మీదకు విసిరితే, చిమ్మిన మేర ఉన్న అందరికీ పనిచేస్తుంది. కింద పడి స్పృహ లేనివారు కూడా లేస్తారు. శత్రువుకు కూడా పనిచేస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

ప్రశ్న: రెండో షిఫ్టు దిగాక రాత్రిపూట ఒక గంట ఆడతాను. ఆనర్ మోడ్ మొదలుపెట్టాను. గదిలోకి వెళ్లగానే నలువైపుల నుంచి చుట్టుముట్టి చంపుతున్నారు. హేస్ట్ వేసినా లాభం లేదు. ఎక్కడ పొరపాటు? సాలీడు తల్లిని ఎలా ఓడించాలి?
— సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

కఠినమైన ఆనర్ మోడ్‌లో సేవ్ ఒక్కటే ఉంటుంది, పెద్ద ప్రత్యర్థులకు మన వంతులో కూడా కదిలే లెజెండరీ యాక్షన్లు ఉంటాయి. వేగం పెంచే హేస్ట్ మంత్రం ఇచ్చే అదనపు యాక్షన్‌కు ఎక్స్‌ట్రా అటాక్ వర్తించదు, అంటే మీరు ఆశించిన రెండు దెబ్బలకు బదులు ఒక్కటే వస్తుంది. పైగా హేస్ట్ తెగితే ఆ మనిషి నీరసించి ఒక వంతు మొత్తం కోల్పోతాడు. మన వంతులు పెంచుకోవడం ఇక్కడ ఖరీదైన వ్యవహారం, శత్రువు వంతులను కాజేయడం చవక. మొదటి లెవెల్ స్పెల్ అయిన కమాండ్‌కు కాన్సంట్రేషన్ అక్కరలేదు. ఎదుటివాడు సేవింగ్ త్రో తప్పితే వాడి ఒక వంతు పోయినట్టే.

అసలు పొరపాటు గదిలోకి వెళ్లడం. వాళ్లనే మీ దగ్గరికి రప్పించండి. వరంగల్ కోట రాతి ప్రాకారపు ద్వారాలను చూసే ఉంటారు, లోపలికి నేరుగా దారి ఉండదు. బయటి నుంచి వచ్చినవాడు బురుజుల మధ్య మలుపు తిరిగి, పక్క నుంచి కొట్టించుకుంటూ రావాలి. మీ జట్టును కూడా గుమ్మానికి ఎదురుగా కాక గోడ పక్కన నిలపండి. లోపలి విలుకాళ్లకు మీరు కనిపించరు, గుమ్మం దాటిన ప్రతివాడూ మీ నలుగురికీ ఒక్కడిగా దొరుకుతాడు. అయిదో లెవెల్‌కు చేరిన విల్ (వార్లాక్) ఉంటే గుమ్మం అవతలి వైపు హంగర్ ఆఫ్ హదార్ మంత్రం వేయించండి. ఆ చీకట్లో కళ్లు కనబడవు, అడుగు సగమే పడుతుంది, వంతు మొదట్లో చలి, చివర్లో ఆమ్లం తగులుతాయి. ఎలాగో బయటపడినవాడిని రిపెల్లింగ్ బ్లాస్ట్ శక్తి ఉన్న ఎల్డ్రిచ్ బ్లాస్ట్ మంత్రంతో 4.5 మీటర్లు వెనక్కు, మళ్లీ అదే చీకట్లోకి నెట్టవచ్చు. విల్ స్లాట్లు చిన్న విశ్రాంతితోనే తిరిగి వస్తాయి. ఒక్క జాగ్రత్త, నలుగురూ భుజాలు రాసుకుంటూ నిలబడితే ఒక్క నిప్పు సీసా అందరినీ కాలుస్తుంది.

మీరు ఉత్తరం చివర అడిగిన సాలీడు తల్లికి గుమ్మం ఉపాయం పనికిరాదు, అది చోటు మార్చి మాయమై ఇంకోచోట తేలుతుంది. పోరాటం మొదలుకాకముందే దూరం నుంచి, దాని కంటబడకుండా గుడ్లను పగలగొట్టండి. పిల్లలు పుట్టకపోతే శత్రువుల వంతులు సగానికి సగం తగ్గినట్టే. తర్వాత అది అగాధం మీద వేలాడే సాలెగూటి మీద నిలిచే వరకు ఓపిక పట్టి, దాని మీద కాక దాని కాళ్ల కింది గూటికి నిప్పు పెట్టండి.