మనసొప్పని ఒప్పుకోలుకు ఇంగ్లీషులో ఏ మాట?

కూకట్‌పల్లిలోని మీ ఇంటి యజమాని అద్దె పెంచితే, మనసొప్పకపోయినా సరేనంటూ రాసే ఇంగ్లీషు ఉత్తరంలో 'అగ్రీ' అనాలా, 'అక్వియెస్' అనాలా అని అడిగారు. నన్నడిగితే రెండూ వద్దు.

'అగ్రీ' అంటే ఇద్దరి అభిప్రాయమూ ఒకటేనని చదివేవారు అనుకుంటారు. 'కన్సెంట్' ఇంకా బరువైన మాట. ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఇద్దరూ అంగీకరించడమే కన్సెంట్ అని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 13వ సెక్షను చెబుతోంది. ఇక 'అక్వియెస్' లాటిన్‌లో విశ్రాంతిని, నిశ్శబ్దాన్ని సూచించే పదం నుంచి వచ్చింది కనుక, నచ్చకపోయినా నోరు మెదపకుండా ఊరుకోవడమని దాని భావం. మన 'మౌనం అర్ధాంగీకారం'కు దగ్గరి చుట్టమన్నమాట. అయితే తెలిసి కూడా అభ్యంతరం చెప్పలేదని రేపు వివాదం వస్తే ఎదుటివారు దాన్ని పట్టుకునే వీలుంది. పైగా, ఊరుకుంటున్నానని ఉత్తరం రాయడమే విడ్డూరం. 'కన్సీడ్' వాదనలో ఒక అంశాన్ని ఒప్పుకోవడానికి సరిపోతుంది. 'కెపిట్యులేట్' (లొంగిపోవడం) మాత్రం గోల్కొండ కోట తాళాలు అప్పగించినట్లుంటుంది.

అందువల్ల 'వియ్ యాక్సెప్ట్ ద రివైజ్డ్ రెంట్ అండర్ ప్రొటెస్ట్' (పెంచిన అద్దెకు అభ్యంతరంతోనే ఒప్పుకుంటున్నాం) అని రాసి, మీ అభ్యంతరమేమిటో వెంటనే తర్వాతి వాక్యంలో చెప్పండి. మీ చిత్తుప్రతిలో 'యాక్సీడ్ యువర్ రిక్వెస్ట్' అని కూడా ఉంది. సమ్మతించడమనే అర్థమున్న ఆ 'యాక్సీడ్' క్రియ తర్వాత 'టు' తప్పనిసరిగా రావాలి.